కొత్త పెడల్స్ బిగించిన మొదటి రోజు

దూరం తొక్కడానికి నా సైకిలు సరిపోవట్లేదని తేల్చేశాను. నా దమ్మే సరిపోవట్లేదని ఒప్పుకునే ధైర్యం లేక. టైర్లు మార్చాను, సీటు మార్చాను, ఆఖరికి బూటు టక్కున ఇరుక్కునే కొత్త పెడల్స్ కూడా బిగించాను. మడమ పక్కకి తిప్పితేనే కాలు ఊడొస్తుంది. వీడియోల్లో చానా తేలిగ్గా కనపడింది.

మొదటి రోజు పొద్దున్నే కోటప్పకొండ చుట్టి నాదెండ్ల మీదుగా వద్దామని బయల్దేరాను. ఊరు దాటకముందే టీకొట్టు దగ్గర మా మాజీ సర్పంచి, "ఏరా అబ్బాయ్, ఏందా వేషం?" అని పిలిచాడు. మూడు తరాలుగా మా ఇంటికీ ఆయన ఇంటికీ పార్టీలు వేరు. అయినా పెద్దాయన పిలిస్తే ఆగకుండా ఎట్టా పోతాం? బ్రేకు పట్టాను. మడమ తిప్పాలన్న సంగతే మర్చిపోయాను. సైకిలుతో సహా ఒరిగిపోయి సరిగ్గా ఆయన కాళ్ల మీద పడ్డాను. ఆయన తొణక్కుండా నా తల మీద చెయ్యి పెట్టి, "లేవరా, ఇంక నువ్వు మనోడివే" అన్నాడు. టీకొట్టు మొత్తం చూసింది.

కుంటుకుంటూ ఇంటికొచ్చేసరికి మా పార్టీవాళ్లు వసారాలో కూర్చుని ఉన్నారు. "నీకేం తక్కువ చేశాంరా?" అన్నాడు మా బాబాయి. బూటు తిరగేసి, అడుగున పెడల్‌లో ఇరుక్కునే బిళ్ల చూపించి, జరిగిందంతా చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు. తన కాళ్లు తనే సైకిలుకి తగిలించుకునే వెర్రిబాగులోడు మా వంశంలో పుట్టాడనేకంటే, పార్టీ ఫిరాయించాడనుకోవడమే వాళ్లకి పరువుగా ఉంది.