మేలక్కుడి బుద్ధుడి కోసం లారీ వెళ్ళిన రోజు

పోయిన శుక్రవారం ఏం జరిగిందో చెప్తా, నవ్వకుండా వినండి. నా నోటి పుణ్యాన తమిళనాడులో ఒక పల్లెటూరికి మినీ లారీ వెళ్ళింది. తాళ్ళు, గోనె సంచులు, ఆరుగురు మనుషులు, వాళ్ళతో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు. నేనేమో ఇక్కడ కెనడాలో, సార్నియాలో, సోఫాలో దర్జాగా కూర్చుని ఫోన్‌లో చూస్తున్నా!

మొదటి నుంచి చెప్తా. నేనిక్కడికి వచ్చిన కొత్తలో పరిస్థితి మీకు తెలిసిందే. కాలేజీ కారిడార్‌లో ఎటు తిరిగినా మనవాళ్ళే. ఒక కాఫీ షాపులో రెండు పోస్టులు ఉన్నాయంటే తలుపు దగ్గర మొదలైన లైను పార్కింగ్ లాట్ దాటి రోడ్డు మీదకి వచ్చింది. చేతిలో రెజ్యూమె, ముక్కులోంచి నీళ్ళు, కాళ్ళ కింద మంచు. గంటన్నర నిలబడ్డాక ఒకమ్మాయి బయటికి వచ్చి, "సారీ, ఫిల్ అయిపోయాయి" అంది. ఆ రోజు నేను అద్దెకుండే బేస్‌మెంట్‌కి నడిచి వెళ్తుంటే ఏడుపు కూడా సరిగ్గా రాలేదు. చలికి మొహం బిగుసుకుపోయి.

అలాంటి టైమ్‌లో మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్. "తమిళం బాగా మాట్లాడగల స్టూడెంట్ కావలెను. రోజూ ఉదయం రెండు గంటలు."

మాది తడ. అటు అడుగు వేస్తే తమిళనాడు. తడ వాళ్ళందరికీ తమిళం వచ్చేస్తుందని లోకం అనుకుంటుంది. నాకొచ్చిన తమిళమల్లా అమ్మతో మద్రాసు వెళ్ళి చీరలు బేరమాడిన తమిళమే. అయినా "ఫ్లూయెంట్ సర్" అని కొట్టి పంపించేశా.

ఆ మెసేజ్ పెట్టింది విశ్వనాథం అంకుల్. నది వైపు ఇల్లు. తెనాలి మనిషి, కెమికల్ ఇంజనీరు. ఇక్కడి ప్లాంట్లలో పాతికేళ్ళు పైగా చేసి రిటైరయ్యారు. అంతకు ముందు, పెళ్ళైన కొత్తలో, తంజావూరు దగ్గర ఒక ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేశారట. ఆంటీ పేరు వసంత. కుంభకోణం అమ్మాయి. ఆవిడకి ఒక పిచ్చి. ఆ పక్క పల్లెల్లో ఎప్పటివో బుద్ధ విగ్రహాలు పొలాల గట్ల మీద, చింతచెట్ల కింద, కాలవల పక్కన పడి ఉంటాయట. ఒకప్పుడు అక్కడ బౌద్ధులు ఉండేవాళ్ళు కదా. వాళ్ళు పోయారు, రాళ్ళు మిగిలాయి. ఊళ్ళో వాళ్ళకి అది బుద్ధుడని కూడా తెలీదు. ఒక చోట ముని అంటారు, ఒక చోట చెట్టియారు అంటారు, ఒక చోట దాని మీద బట్టలు ఉతుకుతారు. ఆదివారం వస్తే చాలు, ఇద్దరూ స్కూటరెక్కి వాటిని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళట. ఆవిడ ఊళ్ళో వాళ్ళతో మాట్లాడుతుంది, ఈయన టేపు పెట్టి కొలుస్తారు.

"మాట్లాడ్డం అంతా వసంతే. నాకు ఫ్యాక్టరీ తమిళమే వచ్చు. వాల్వు తెరువు, వాల్వు మూయి, జాగ్రత్త. అంతే," అన్నారు అంకుల్.

ఆంటీ పోయి రెండు చలికాలాలు. ఆవిడ రాసుకున్న నోటు పుస్తకాలు పదకొండు. వాటిని పుస్తకంగా వేయాలని అంకుల్ కోరిక. వేసే ముందు ఏ విగ్రహం ఉందో, ఏది లేదో తేల్చుకోవాలి. ఈయనకి మోకాళ్ళు పనిచేయవు, వెళ్ళలేరు. అందుకని నేను. మ్యాప్‌లో ఊరు వెతకడం, అక్కడ టీ కొట్టో, రీచార్జ్ షాపో నంబర్ పట్టుకోవడం, ఫోన్ చేసి విగ్రహం ఉందా అని అడగడం. ఇక్కడ ఉదయం ఎనిమిదంటే అక్కడ సాయంత్రం, టీ కొట్ల దగ్గర జనం బాగా ఉంటారు.

చేశా. వరసగా చేశా. ఒక ఊళ్ళో "ఎప్పుడో ఎత్తుకుపోయారు" అన్నారు. ఒక ఊళ్ళో తల లేదన్నారు. ఒక చోట విగ్రహం ఉన్న గట్టే లేదు, బైపాస్ వచ్చింది. ప్రతిసారీ నేను షీట్‌లో "లేదు" అని టైప్ చేస్తుంటే అంకుల్ వెనక నిలబడి చూసేవారు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఊరికే కాసేపు అలా వదిలేసేవారు. ఆ నీళ్ళ చప్పుడు వినపడకుండా నేను గబగబా తర్వాతి నంబర్ కొట్టేదాన్ని.

అలా ఉండగా మేలక్కుడి వంతు వచ్చింది.

"ఇది వసంతకి అన్నిటికంటే ఇష్టమైన బుద్ధుడమ్మా," అన్నారు అంకుల్. "కాలవ గట్టు మీద కూర్చుని ఉంటాడు. అయిదడుగులు, నల్ల రాయి. ముక్కు కూడా చెక్కు చెదరలేదు. అక్కడ బుద్దర్ అంటే ఎవరికీ తెలీదు. పాత సిలై అని అడుగు చాలు."

సిలై అంటే తమిళంలో విగ్రహం. ఇక్కడ గుర్తుపెట్టుకోండి. సేలై అంటే చీర. నేను మద్రాసులో బేరమాడింది దేని గురించి? సేలై గురించి! నా నాలుక చిన్నప్పటి నుంచీ ఆ మాటకే అలవాటు పడింది. ఇన్నాళ్ళూ నేను అందరినీ "బుద్దర్ సేలై ఉందా" అనే అడుగుతున్నా అన్నమాట. బుద్దర్ అనే మాట ముందు ఉండబట్టి, పాపం, వాళ్ళే సర్దుకుని అర్థం చేసుకున్నారు. ఈసారి ఆ బుద్దర్ కూడా లేడు.

రీచార్జ్ షాపతను ఫోన్ తీసుకెళ్ళి అంజలై అనే పెద్దావిడకి ఇచ్చాడు. పాత సంగతులన్నీ ఆమెకే తెలుసన్నాడు. నేను ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టా. "నలభై ఏళ్ళ కిందట ఇంజనీర్ సారు, వసంతమ్మ స్కూటర్ మీద వచ్చారు కదమ్మా? ఆ పాత సేలై ఉందా?"

అవతల నుంచి ఒక్క కేక. "అయ్యో, వసంతమ్మా! ఉంది తల్లీ, ఉంది! నా పెట్టెలో భద్రంగా ఉంది!"

పెట్టెలో అయిదడుగుల బుద్ధుడా? నాకు అనుమానం రావాలా వద్దా? రాలేదు. దొంగల భయానికి ఏ గదిలోనో దాచి ఉంటారు, గదినే పెట్టె అంటారేమో అనుకున్నా. ఎలా ఉంది అని అడిగా. పచ్చ రంగు కాస్త వెలిసిందట. అంచు దగ్గర ఎలుక కొరికిందట. ఏడాదికోసారి ఎండలో వేసి, మళ్ళీ మడిచి పెడుతుందట.

"మడిచి" అనే మాట నాకు స్పష్టంగా వినపడింది. తెలుగైనా తమిళమైనా మడవడం మడవడమే. రాయిని ఎలా మడుస్తారు? అక్కడైనా ఆగాలి కదా మనిషి! ఆ మాటకి వాళ్ళ ఊళ్ళో ఇంకేదో అర్థం ఉంటుందిలే అని ముందుకు వెళ్ళిపోయా. ఎందుకంటే ఎన్నాళ్ళకో "ఉంది" అనే మాట విన్నా. నాకది కావాలి. కుళాయి చప్పుడు వినలేను ఇంక.

షీట్‌లో టైప్ చేశా. "ఉంది. ఒకరి ఇంట్లో భద్రంగా దాచారు. పచ్చ రంగు. అంచు స్వల్పంగా దెబ్బతింది. ఏటా ఎండలో పెడతారు."

అంకుల్ కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "పచ్చ రంగేమిటి? నల్ల రాయి కదా?"

"పాచి పట్టి ఉంటుంది అంకుల్," అన్నా నేను. అన్నా! అంత ధైర్యంగా అన్నా!

ఆయన కుర్చీలో కూలబడ్డారు. అరచేత్తో మొహం తుడుచుకున్నారు. తర్వాత లేచి వెళ్ళి, జీడిపప్పు వేసి ఉప్మా చేశారు. నేను ఆ ఇంటికి వెళ్ళిన ఇన్ని రోజుల్లో ఆయన పాట లాంటిది ఏదో కూనిరాగం తీయడం అదే మొదటిసారి. నేను రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నా.

ఆ మధ్యాహ్నమే తంజావూరులో ఉన్న ఫ్రెండు సెల్వం గారికి చెప్పారు. ఆయన చరిత్ర లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంట్లో పెట్టుకుంటే ఎప్పటికైనా ప్రమాదం, ఊరి అధికారితో మాట్లాడి మ్యూజియంకి చేరుద్దామని ఆయన ప్లాను. మూడు రోజుల్లో పర్మిషన్ కూడా తెచ్చేశారు. అంత రాయి ఎత్తాలి కదా, అందుకని లారీ, తాళ్ళు, ఆరుగురు మనుషులు.

శుక్రవారం పొద్దున్నే వీడియో కాల్. చీకట్లోనే బయల్దేరి, బస్సు లేక నలభై నిమిషాలు మంచులో నడిచి వెళ్ళా. అంకుల్ అప్పటికే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి పెట్టారు.

తెరమీద మేలక్కుడి. రేకుల ఇల్లు. సందులోంచి వెనక్కి వస్తున్న లారీ. మనుషులు తాళ్ళు విప్పుతున్నారు. అంజలై గారు గడప దగ్గర నిలబడి అందరినీ వింతగా చూస్తోంది. సెల్వం గారు చేతులు జోడించి "ఎక్కడుందమ్మా?" అన్నారు. ఆవిడ లోపలికి వెళ్ళి రేకు ట్రంకు పెట్టె లాగింది. మూత తీసింది. కిందనుంచి జాగ్రత్తగా రెండు చేతులతో తీసి ఇచ్చింది.

ఆకుపచ్చ నూలు చీర. మెరూన్ అంచు.

ఆరుగురు మనుషులూ చీర వంక చూశారు. సెల్వం గారు ఫోన్ వంక చూశారు. "ఏమిటి సార్ ఇది?"

నాకప్పుడు అర్థమైంది. సిలై, సేలై. చెవుల్లోంచి వేడి పొగ వచ్చింది. చెప్పా. అన్నీ చెప్పా. తడ గురించి, మద్రాసు గురించి, మడిచిన సంగతి గురించి. అంకుల్ నా వైపు చూడనే లేదు. తెర వైపే చూస్తున్నారు.

"ఆ రోజు వాన," అన్నారు. "పూర్తిగా తడిసిపోయింది వసంత. ఈవిడ కొత్త పెళ్ళికూతురు అప్పుడు. తన చీర ఇచ్చి కట్టుకోమంది. తడిచీర అక్కడే వదిలేసి వచ్చాం. వచ్చే ఆదివారం తీసుకుంటానంది. ఆ వారమే నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది."

సెల్వం గారు అసలు విగ్రహం సంగతి అడిగారు. కాలవకి సిమెంటు చేసిన ఏడాదే పోయిందట. తూము కింద పూడ్చేశారని ఒకరు, లారీలో పట్టుకుపోయారని ఒకరు. ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆ ఆరుగురూ తాళ్ళు చుట్టేసుకున్నారు.

ఇంతలో అంజలై గారు ఫోన్ లాక్కుని మొహం దగ్గరగా పెట్టుకుంది. తెరంతా ఆవిడ నవ్వే. "సారూ! వసంతమ్మ ఏదీ? పిలవండి!"

అంకుల్ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టారు. నా వైపు తిరిగారు. "పోయింది అని ఎలా చెప్పాలమ్మా?" అన్నారు మెల్లగా.

అంత జరిగాక కూడా నన్నే అడిగారు చూడండి! నేను కూడా, అంత జరిగాక, ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పేశా. "పోయిట్టాంగ, అంకుల్."

"పోయిట్టాంగ," అన్నారు అంకుల్.

"వెళ్ళిందా? ఎక్కడికి?" అంది అంజలై గారు, ఆ మాటని మామూలుగా ఊరెళ్ళడం అనుకుని, నవ్వు అలాగే ఉంచుకుని. "ఎప్పుడొస్తుంది?"

అంకుల్ దగ్గర అంతకంటే తమిళం లేదు. నా దగ్గరా లేదు. సెల్వం గారేమో చీర చంకన పెట్టుకుని అవతల లారీ వాళ్ళకి డబ్బులు లెక్కపెడుతున్నారు. ఆవిడే తీర్మానం చేసేసింది. చీర తాళ్ళ వాళ్ళ చేతికి ఇవ్వదట. వసంతమ్మే వచ్చి తీసుకోవాలట. సెల్వం గారి చేతిలోంచి చీర తీసుకుని, మడిచి, పెట్టెలో పెట్టి తాళం వేసింది. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. విగ్రహం లేదు, చీరా రాలేదు.

కిటికీ బయట మంచు పడుతోంది. అంకుల్ కుళాయి దగ్గరికి కూడా వెళ్ళలేదు.

"ఆవిడకి నిజం చెప్పాలి," అన్నారు చివరికి.

"నేను చెప్తా అంకుల్. సారీ అంకుల్. రేపే ఫోన్ చేసి చెప్తా."

ఆయన అప్పుడు నా వైపు తిరిగారు. ఆ మొహంలో కోపం లేదు. భయం ఉంది. "నువ్వా? వద్దు తల్లీ. నువ్వు చెప్తే ఆవిడ వసంతకి ఎదురు రావడానికి మద్రాసు మీనంబాక్కం ఎయిర్‌పోర్టుకి బయల్దేరుతుంది. సెల్వాన్ని చెప్పమంటాలే."

ఉద్యోగం పోయిందనే అనుకున్నా. కోటు తొడుక్కుని బూట్ల దగ్గరికి వెళ్ళా. సోమవారం రమ్మన్నారు. ఆంటీ నోటు పుస్తకాలు టైప్ చేయాలి, ఫోన్ మాత్రం ముట్టుకోకూడదు. ఆ ముక్క నోటితో చెప్పలేదు లెండి. కాగితం మీద, తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, నా చేత పైకి చదివించుకుని, అర్థం చెప్పమని అడిగి మరీ పంపించారు.