పచ్చ దీపం వాచీ

మా పెద్దల్లుడిది టెక్కలి. జీడిపిక్కలు ఏరే రోజుల్లో వచ్చి, మా ఆయన చేతికి ఒక వాచీ కట్టి వెళ్లాడు. నడిచిన అడుగులు, గుండె కొట్టుకునే వేగం అందులో కనిపిస్తాయట. వాచీ అడుగున, చర్మానికి ఆనే చోట, పచ్చ దీపం ఒకటి మినుకుమినుకుమంటుంది. కొంప మీదికి తెచ్చింది ఆ దీపమే.

మా ఆయన అన్నగారికి, అంటే మా బావగారికి, కిడ్నీలు పోయాయి. ఆటోలో పలాస వెళ్లి రక్తం శుద్ధి చేయించుకుని వస్తుంటాడు. మా ఉద్దానంలో ఇలాంటి మనిషి లేని వీధి లేదు. అందుకే ఆ దీపం చూడగానే మా ఆయనకు వేరే ఆలోచన రాలేదు.

"ఇది లోపల రగతం సూత్తందే. కిడ్నీ పాడైతే ముందే సెప్పీద్ది" అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది.

ఇక చూడండి. తోటలో గట్టు ఎక్కితే గుండె వేగం అంకె పెరిగేది. పెరిగిందని కూలబడేవాడు. ఎక్కువసేపు కూర్చుంటే లేవమని అది జుయ్యిమంటుందట. మాకేం తెలుసు? అది కిడ్నీ కబురనుకుని కంచం ముందు నుంచి లేచిపోయి చెంబుడు నీళ్లు తాగేవాడు. అన్నను చూసొచ్చిన రోజు అంకె మరీ పెరుగుతోందని ఆ ఇంటికే వెళ్లడం మానేశాడు. "తమ్ముడు రాలేదేటమ్మా" అని బావగారు అడిగితే తోటలో పనుందని బొంకేదాన్ని.

చివరికి అల్లుడికి ఫోను చేయించాను.

"కిడ్నీ సంగతి దానికి తెల్దు మావయ్యా. రగత పరీచ్చ సేయించుకోవాల" అన్నాడు.

"మరి ఆ దీపం ఏటి సూత్తంది బాబూ?"

"గుండె కొట్టుకుంతందో లేదో సూత్తది."

"అది కొట్టుకుంతందని నాకు తెల్దేటి" అన్నాడు మా ఆయన.

మర్నాడు ఇద్దరం పలాస వెళ్లి ఆయన రక్తం పరీక్షకు ఇచ్చాం. సాయంత్రం డాక్టరు కాగితం చూసి, అంతా బాగానే ఉంది, పని చేసుకోమన్నాడు. మా ఆయన ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. బయట హోటల్లో ఇడ్లీ తినబోతూ చెయ్యి కడగడానికి వాచీ తీశాడు. తిన్నాక నేను అందిస్తే పుచ్చుకోలేదు.

"సంచీలో పడీ. కట్టుకుంటే మళ్లీ సూత్తాను. సూత్తే మళ్లీ బయపడతాను."

బస్సు దిగి నేరుగా అన్నగారింటికి నడిచాడు. బావగారు ఆ బోసి చేతిని చూసి, "ఏట్రా, బేడీలు తీసీసినారా?" అన్నాడు. ఈయన నవ్వి మంచం మీద ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. బాగా పొద్దుపోయేదాకా కదల్లేదు. లేవమని జుయ్యిమనేది చేతి మీద ఏదీ లేదు.