తీగ జరిపిన పద్మారాణి

మా ఆడబిడ్డ పద్మారాణి కంప్యూటర్‌లో చీరల డిజైన్లు వేస్తుంది. అంతకుముందు అది మా ఆయన రవీంద్ర పని. మగ్గం నడిపి మోకాళ్లు అరిగాక ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు బతుకుదెరువుకు వచ్చిన భేస్తాన్ పేటలోని మా గది నుంచి ఆసుపత్రికి వెళ్లారు, తిరిగి రాలేదు. చివరగా గీసింది ఒక మొగ్గల తీగ. ఏ రెండు మొగ్గలూ ఒక్కలా ఉండవు.

పద్మ లాక్‌డౌన్‌లో ఫోన్‌లో పాఠాలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. దినాలు కాగానే అన్న కుర్చీలో కూర్చుంది. ఏడవలేదని వాడకట్టులో అనుకున్నారు. నల్లా తిప్పుకుని ఆ చప్పుడులో ఏడ్చేదని నాకు తెలుసు.

మార్కెట్లు తెరిచాక రింగ్ రోడ్‌లో చీరలమ్మే సేఠ్ ఆ తీగ అడిగాడు. అంచుకు జాగా చాలదు, ఒక మొగ్గంత కుడికి జరపమన్నాడు. పద్మ తను రాసుకున్న ప్రోగ్రాం నడిపింది. తెర మీద తీగ పొడుగునా మొదటి మొగ్గే!

"ఏందే ఇది, అన్ని మొగ్గలు మింగేసినవ్! ముందు సేవ్ చెయ్యి!"

"సేవ్ చేస్తే నిజంగనే పోతది వదినె! గిది మెమరీల ఉన్న నకలు. ఫైల్‌ల అన్న గీసింది అట్లనే ఉన్నది."

"మరి గిట్లెందుకైంది?"

"ముందు నుంచి మోసిన. మొదటి మొగ్గ పోయి రెండోదాని మీద కూసున్నది. రెండోదాన్ని ఇంకా మొయ్యనేలేదాయె. ఇగ మూడో జాగల గూడ మొదటిదే పడ్డది. అన్న మగ్గం మీద పన్నె పండ్ల సందుల దారాలు పక్కకు జరపాలంటే ఏ దిక్కు నుంచి మొదలువెట్టేటోడు?"

"ఖాళీ ఉన్న దిక్కు నుంచి." మగ్గం దగ్గర ఆయనకు దారం అందించింది నేనే కదా.

"గంతే. సాలోల్ల పిల్లనై గది మర్చిన, థూ!"

ఫైల్ మళ్లీ తెరిచి, చివరి మొగ్గను ముందు మోసేలా మార్చింది. మొగ్గలన్నీ వేటికవే కుడికి జరిగాయి. అయితే మొదటి మొగ్గ పాతచోట ఇంకా ఉంది, పక్కనే దాని నకలు.

"ఇది పోలేదేంది?"

"మోసుడంటే నకలు తీసుడే వదినె. పాతదాన్ని మెషిన్ ముట్టదు. దాని మీద ఇంకోటి రాసేదాంక ఉంటది. ఆడ అంచు రావాలె. తుడువాలె."

చెయ్యి మౌస్ మీద పెట్టింది గాని నొక్కలేదు.

"జరుగు" అన్నాను.

ఎక్కడ నొక్కాలో చూపించింది. నొక్కాను. అక్కడ తెల్లగా అయింది. పద్మ ముక్కు చీది, అంచు గీయడం మొదలుపెట్టింది.