అత్తగారితో జలపాతం దాకా

జలపాతానికి వెళ్దామన్నది మా ఆయన. పెళ్లయి ఏడాది కావస్తున్నా ఇద్దరం కలిసి మేముండే అత్తాపూర్ దాటి ఎటూ పోలేదని, నల్లమల అడవిలోకి కొద్దిమందిని నడిపించుకెళ్లే గైడుతో మాట్లాడి మా ఇద్దరికీ చోటు ఖాయం చేశాడు. ఆయన ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. తీరా ముందురోజు, మర్నాటికే కర్నూలు పోయే కిరాయి తగిలింది, వదులుకోలేకపోయాడు.

ఒక్కదాన్నే ఎలా అని నేను నసుగుతుంటే వంటింట్లోంచి మా అత్తగారు, "నేనొస్త తియ్. ఎల్లుండి చర్చి గాని రేపేముంది?" అంది.

నిజం చెప్పాలంటే నాకది ఇంకా ఇబ్బందిగా తోచింది. ఆవిడది శంషాబాద్ పక్కనే పల్లె. నాది తెనాలి. ఇద్దరిదీ తెలుగే అయినా మాట కలిసేది కాదు. "ఇల్లు ఊకినవా?" అని ఆవిడ అడిగితే, ఊడ్చావా అంటోందని తెలియక కొత్తలో తెల్లముఖం వేశాను. నేను "అత్తయ్య గారూ" అంటే, "గట్ల పిలవకు బిడ్డా, దవాఖానల నర్సమ్మ పిలిచినట్టుంటది" అనేది. అక్కడితో ఇద్దరం ఊరుకునేవాళ్లం.

శనివారం తెల్లవారి బయలుదేరిన వ్యాన్ తుక్కుగూడ మీదుగా శ్రీశైలం రోడ్డెక్కింది. కాలేజీ పిల్లలు కొందరు, ఒక నడివయసు జంట, మేమిద్దరం. గైడు ఒకప్పుడు బడిలో ఆటల మాస్టారట, నిదానస్తుడు. అత్తగారు చీర మీద కొడుకు పాత బూట్లు వేసుకుని వచ్చింది. పిల్లలు చూసి నవ్వితే తనూ నవ్వింది.

అడవిలో మొదట నడక హాయిగానే ఉంది. వానలు వెలిసి మట్టి మెత్తగా ఉంది. ఆ తర్వాత ఒక పెద్ద బండ అడ్డం వచ్చింది. దాని వారగా సన్నటి దారి, పట్టుకోవడానికి తాడు, మరోపక్క లోయ. ఒక్కొక్కరే దాటుతున్నారు. నా వంతు వచ్చింది. రెండడుగులు వేసి కిందికి చూశాను. అంతే, తాడు పట్టుకుని అక్కడే ఆగిపోయాను.

"అక్కా, కిందికి చూడకు. నా మొకం చూడు," అన్నాడు గైడు అవతలి నుంచి.

నావల్ల కాలేదు. ఎలాగో వెనక్కి వచ్చి కూలబడ్డాను. నేనిక్కడే ఉంటానని, మీరు వెళ్లమని అన్నాను.

"జర ఆగు సారూ, కూసోని వస్తం," అని గైడుతో చెప్పి అత్తగారు నా పక్కన చతికిలబడింది. సంచిలోంచి జొన్నరొట్టె తీసి తుంచి సగం నా చేతిలో పెట్టింది.

"నాకు ఎస్కలేటర్ అంటే భయం," అంది ఉన్నట్టుండి. "చీర కొనిస్తనని మీ ఆయన మాల్‌కు తోలుకపోయిండు. ఆ మెట్లు గట్ల కదులుతుంటే కాలు పెట్టలేకపోయిన. మోకాళ్లు నొస్తున్నయని చెప్పి కిందనే కూసున్న. చీర వాడే తెచ్చిండు. నాకు ఆ రంగే నచ్చలే. ఎవలకు చెప్తా?"

నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది. రొట్టె అయిపోయింది.

"ఇగ లే. నేను ముంగట పోత, నా కాళ్లు చూసుకుంట రా."

గైడు ఇవతలికి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. తాడు పట్టుకుని, అతని పక్కనుంచి కనిపిస్తున్న ఆ పాత బూట్ల మీదే చూపు పెట్టి నడిచాను.

"రేపు కూరేం చేద్దాం?" అంది ఆవిడ వెనక్కి తిరగకుండానే.

"చిక్కుడుకాయ," అన్నాను.

"టమాట ఎయ్యాల్నా?"

"మా ఇంట్లో వేయరండీ."

"టమాట లేకుంటే అదేం కూర?"

వేస్తే చిక్కుడు రుచి చచ్చిపోతుందని నేను, వేయకపోతే రొట్టెకు పట్టదని ఆవిడ. వాదన తేలకముందే గైడు, "అయిపోయిందక్కా," అన్నాడు. చూస్తే బండ వెనకే ఉండిపోయింది.

జలపాతం పెద్దదేం కాదు. రాతి గోడ మీంచి తెల్లగా జారి పచ్చటి మడుగులో పడుతోంది. చుట్టూ నాచు వాసన. అత్తగారు బూట్లు విప్పి మోకాలి లోతు నీళ్లలో దిగి, తుంపరలు మొహాన పడుతుంటే కళ్లు మూసుకుని నిలబడింది. ఆవిడ అంత తీరిగ్గా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నేనూ దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. పడిపోకుండా ఒకరి భుజం ఒకరం పట్టుకున్నాం.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. మా ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. ఎట్లుండె అని అడిగాడు.

"మస్తుగుండె. గాని నాకే భయమైంది బిడ్డా," అంది అత్తగారు. "బండ కాడ అడుగు పడలే. నీ పెండ్లామే చెయ్యి పట్టి దాటిచ్చింది."

ఆయన నావైపు గర్వంగా చూశాడు. నేను నోరు తెరవబోయాను. ఆవిడ మాత్రం నావైపు చూడకుండానే, "జర చాయ్ పెట్టు బిడ్డా, తలకాయ నొస్తున్నది," అంది.

ముగ్గురికీ చాయ్ పెట్టాను. తర్వాత తెనాలికి ఫోన్ చేసి మా అమ్మతో చాలాసేపు మాట్లాడాను. జలపాతం ఎలా ఉందని అమ్మ అడుగుతూనే ఉంది, నేను అత్తగారి సంగతులే చెబుతూ పోయాను.