పెరియంపట్టి దాటని ఆదివారాలు

తప్పు నాదే. పెరియంపట్టి మీదుగా పోతున్నామని మా అత్తకు ఫోన్ చేసి చెప్పింది నేనే. ఆగడానికి వీలుకాదు, తప్పుగా అనుకోవద్దు అని ముందే మర్యాదగా చెప్పేస్తే గొడవ ఉండదని నా తెలివి. మావాళ్ళ మధ్య పుట్టి పెరిగి, ఇద్దరు పిల్లల్ని కన్న మనిషికి ఉండాల్సిన తెలివి కాదది. ఆగలేము అని చెప్పడమంటే, మావాళ్ళ చెవికి, మమ్మల్ని ఆపండి చూద్దాం అన్నట్టు.

మా ధర్మపురి ఇంట్లో నలుగురమూ ఒకరి మొహం ఒకరు పగటి వెలుతురులో చూసుకునేది ఆదివారమే. మిగతా రోజులు నేనొక బస్సుకు, నా భార్య ఒక బస్సుకు, పిల్లలు బడి వ్యానుకు. ఆ యేడు వానలు బాగా పడి కృష్ణగిరి డ్యాం నిండింది, గేట్లు తెరిచారు. అప్పటినుంచి ఒకటో తరగతి చదివే మా కూతురిది ఒకటే పట్టు. దాని తరగతిలో సగంమంది చూసి వచ్చేశారట. నీళ్ళు పాలు పొంగినట్టు తెల్లగా దూకుతాయట. ఎంత దూరంలో నిలబడినా మొహం తడుస్తుందట. రోజూ పళ్ళు తోమేటప్పుడు నురగనోటితో అడిగేది.

"నాన్నా, నా మొహం ఎప్పుడు తడుస్తుంది?"

ఆదివారం అని మాట ఇచ్చాను. ఏ ఆదివారమో చెప్పకపోవడం ఒక్కటే నేను చేసిన మంచిపని.

డ్యాం మాకు గంట దూరం. ఆ గంటకు మధ్యలో పెరియంపట్టి, పెరియంపట్టిలో మా నాన్నకు అక్కయిన మా అత్త. చుట్టాలున్న ఊరి మీదుగా పోతూ వాళ్ళ వాకిలి తొక్కకపోతే ఆ ఇంటిని కాదన్నట్టే, మాలో. ఈ తమిళదేశానికి ఎప్పుడు వచ్చామో, ఎందుకు వచ్చామో మా పెద్దలెవరికీ సరిగా గుర్తులేదు. ఎవరు ఎవరి వాకిలి తొక్కకుండా పోయారో మాత్రం మూడు తరాలవరకు గుర్తుంటుంది.

మొదటి ఆదివారం మర్యాదగా మేమే ఆగాం. ఒక్క కాఫీ తాగి పొండి అంది అత్త. కాఫీకి పాలు కావాలి. పాలకు ఆవు కావాలి. ఆవు మేతకు పోయి ఉంది. అది తీరిగ్గా తిరిగొచ్చేసరికి అన్నాలవేళ అయింది. తిన్న పిల్లలు తిన్నచోటే ఒరిగి నిద్రపోయారు, నిజం చెప్పాలంటే నేనూ ఒరిగాను. లేచేసరికి పొద్దు వాలింది. విహారమని బయల్దేరింది ఆహారంతో సరిపోయింది.

రెండో ఆదివారమే ఆ ఫోన్. హైవేనుంచి పెరియంపట్టికి దారి చీలేచోట అత్త నిలబడి ఉంది, చంకలో ఒక నాటుకోడి పుంజు. బండి ఆపక తప్పలేదు. అత్త కిటికీలోకి వంగింది, పుంజు కూడా వంగింది.

"దిగొద్దులే నాయనా. నేనేమన్నా దిగమన్నానా? ఈ పుంజును బిడ్డలకు ఒకతూరి చూపించి పోదామని వచ్చినా."

చూసిన పుంజును మధ్యాహ్నం సంగటిలో తిన్నాం.

మర్నాడు బడిలో టీచరు ఆదివారం ఎక్కడికి పోయారో బొమ్మ గీయమందట. మా కూతురు కాగితం నిండా ఒక పుంజును గీసింది, దాని పక్కన అంతకంటే చిన్నగా అవ్వను, అంటే మా అత్తను, గీసింది. డ్యాం ఏదమ్మా అని అడిగాను. పుంజు వెనకాల ఉంది, కనపడదు అంది.

మూడో ఆదివారం ఎవరికీ చెప్పలేదు. ఫోను ఆపేసి, దొంగసరుకు తోలుకుపోతున్నవాడిలా అద్దాలెత్తుకుని బయల్దేరాను. పెరియంపట్టి మలుపు దాటబోతుండగా వెనక సీట్లో మూడేళ్ళ మా కొడుకు ఆ దారి గుర్తుపట్టాడు. అవ్వ ఇంట్లో వాడికొక దూడతో స్నేహం. దూడ, దూడ అని మొదలుపెట్టి, ఊపిరందక మొహం నీలంగా మారేదాకా ఏడ్చాడు. బండి వెనక్కి, అత్త ఊరివైపే తిప్పాను. ఆవేళ వాడిమీద వచ్చిన కోపం ఎవరిమీద చూపించాలో తెలియక గేరుమీద చూపించాను.

ఇంటికొచ్చాక నా భార్య తడిబట్టలు ఆరేస్తూ, నన్ను చూడకుండానే అంది.

"ఆ డ్యాముకైనా గేట్లుండాయి. మీ అత్తకు అవి కూడా లేవు."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే ఒప్పుకున్నట్టవుతుంది.

తరువాతి వారం వానలు తగ్గాయి. పైనుంచి నీళ్ళు రావడం తగ్గిపోయిందని, ఇంక గేట్లు దించేస్తారని ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను. ఇంటికి వచ్చి ఈ ఆదివారం తప్పకుండా పోదాం అన్నాను. మా కూతురు తలెత్తలేదు. "అవ్వ ఊరికేనా?" అంది మామూలుగా, రేపు బడి ఉందా అని అడిగినట్టు. డ్యాం అనే మాటే అనలేదు. మొహం తడిసే సంగతీ ఎత్తలేదు. అడగడం మానేసిన పిల్ల ఎదుట నిలబడటం కంటే, రోజూ ఆ నురగనోటితో అడిగించుకోవడమే నయం అనిపించింది.

ఆ ఆదివారం నేరుగా అత్త వాకిట్లోకే పోయి బండి ఆపాను. వాకిలి తొక్కేసి, నిలబడే ఉండి, వెంటనే వెనక్కి వచ్చేయాలని నా పథకం. అత్త అప్పటికే పొయ్యి అంటించింది. నా కొడుకు అప్పటికే దూడ దగ్గర. నా పథకం అప్పటికే సగం మునిగింది. మా కూతురు మాత్రం కారు దిగలేదు. అత్త పిలిచింది, రాలేదు. అత్తే చేతులు తుడుచుకుంటూ కారు దగ్గరికి పోయింది.

"ఏమ్మా, అవ్వమీద అలిగినావా?"

"లేదవ్వా. నేను దిగితే నీళ్ళు అయిపోతాయి."

"ఏం నీళ్ళు?"

ఆమె నా వైపు తిరిగి చూసింది. నాకప్పుడు తెలిసింది. ఇన్ని ఆదివారాలూ మేం పోతున్నామని చెప్పానే గానీ ఎక్కడికో, ఎవరికోసమో చెప్పలేదు. ఆమె కూడా ఎప్పుడూ అడగలేదు. ఆమెకు కావలసింది మేం ఆగడం, పోవడం గురించి ఆమెకేం పని. నేను ముక్తసరిగా చెప్పాను. అత్త లోపలికి పోయింది. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగేసి వచ్చింది.

"ఆ డ్యాము నేనూ చూడలేదురా. అందురూ చూసినారంట. ఉండు, చీర మార్చుకోనొస్తా."

ఆ చీర మార్చుకోవడానికి ఆమె పట్టిన సమయంలో గేట్లు దించి, తుడిచి, రంగు కూడా వేసి ఉండవచ్చు. పైగా తినకుండా పోకూడదని సంగటి, చట్నీ క్యారియరులో పెట్టుకుంది. ముందు సీటు ఆమెది. నా భార్య మాట్లాడకుండా వెనక్కి మారింది. ఆ మాట్లాడకపోవడం నాకు మెడమీద తగులుతూనే ఉంది.

కారిమంగలం వచ్చేసరికి అత్త ఉన్నట్టుండి సీట్లోంచి కిందికి జారింది. కొంగు తలమీదుగా మొహందాకా లాక్కుంది. ఏమైంది అత్తా అని కంగారుపడ్డాను.

"మా పెద్ద ఆడబిడ్డ ఇల్లు ఈ ఊళ్ళోనే కదా. నువ్వు హైవేలోనే సీక్రం పో. ఆయమ్మ కంటబడితే పొద్దుగూకేదాకా వదలదు."

"ఒక్క కాఫీకే కదత్తా."

"కాఫీయా? ఆవు మేతనుంచి వచ్చేదాకా కూచోబెడుతుంది."

వెనకసీట్లోంచి ఒక దగ్గు వినిపించింది. నా భార్యకు జలుబేమీ లేదు.

ఆ రోజు ఒక్క గేటే తెరిచి ఉంది. అదైనా ఉంది. మా కూతురు కమ్మీల దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని మొహం ముందుకు పెట్టింది. తుంపర గాలినిబట్టి వస్తోంది, పోతోంది. మొహం తుడవనివ్వలేదు, ఇంటిదాకా అలాగే ఉంచుకుంటానంది. అత్త పక్కన నిలబడి తన మొహమూ ముందుకు పెట్టింది. తరువాత అందరికీ సంగటి ముద్దలు పెడుతూ, ఇంత దగ్గర్లో ఉంటే ఇన్నాళ్ళూ నన్నెందుకు పిల్చుకుని రాలేదురా అని నన్నే దులిపింది. నేను ముద్ద మింగాను. నాలుగు ఆదివారాలుగా నేను చేస్తున్నదే అది.

తిరుగుదారిలో కారిమంగలం దగ్గరపడగానే అత్త మళ్ళీ కిందికి జారి కొంగు కప్పుకుంది. హైవేమీదే పోవచ్చు. నేను స్టీరింగు ఊళ్ళోకి తిప్పాను. దారి తప్పినావురా అని కొంగుకిందనుంచి గొణిగింది. తప్పలేదు. ఆ ఆడబిడ్డ ఇల్లు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. వాకిలికి ఎదురుగా బండి నిదానించాను. హారన్‌మీద చెయ్యి పెట్టాను. తలుపు తెరుచుకుని పెద్దావిడ బయటికి వచ్చేదాకా తీయలేదు.