ఆకువక్కకు రసీదు లేదు

ఆ రోజుల్లో కారున్నవాడి కంటే కారు తోలేవాడికే టెక్కు ఎక్కువ. యజమాని వెనక సీట్లో ఒదిగి కూర్చుంటాడు. ఊరంతా చూసేది మాత్రం స్టీరింగు పట్టుకున్నవాణ్ణే. ఎనిమిదో తరగతిలోనే చదువుకు దండం పెట్టి బయటపడ్డ నాకు (చదువు కూడా నాకు ఎదురు దండం పెట్టిందని మా అయ్యవారు అనేవారు) ఇంతకంటే మంచి ఉద్యోగం ఏ కలెక్టరూ ఇవ్వలేడనిపించేది. డోన్‌లో మా మేనమామకు ఒక పాత బాడుగ కారు ఉండేది. రైలు దిగిన యాత్రికులను మహానందికి చేర్చడం మా పని. మామ ఇల్లూ, నా తలనూనె ఖర్చూ దాని మీదే గడిచేవి. ఇన్సూరెన్సు కట్టమని ఒక ఏజెంటు వస్తే, "బండికి ఏమీ కాకముందే దుడ్లు కట్టేదేందప్పా? ఏమన్నా అయినంక రా, చూస్తాం" అని మామ మజ్జిగ ఇచ్చి పంపించాడు. ఆయన మజ్జిగ తాగి, మా కారు చుట్టూ ఒకసారి తిరిగి, నా వైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

కోయిలకుంట్ల రోడ్డు మీద ఒక మధ్యాహ్నం మొత్తం రెండే కార్లున్నాయి. ఒకటి మాది. రెండోది అందరూ పెద్దాయన అని పిలిచే ఒక భూస్వామిది, కొత్తది. అంత ఖాళీ రోడ్డునూ విడిచిపెట్టి ఆ రెండూ ఒక బండరాళ్ళ మలుపు దగ్గర ఢీకొన్నాయంటే అందులో నా కృషి చాలా ఉంది. (అద్దంలో క్రాపు దిద్దుకుంటున్నాను.) మా బండి పాతది కనుక దానికేమీ కాలేదు. ఆయన బండికి మడ్‌గార్డు అప్పడంలా నలిగింది, ఒక లైటు ఊడి తీగకు వేలాడింది. పెద్దాయన దిగి, తలపాగా సర్దుకుని, నింపాదిగా నా దగ్గరికి వచ్చాడు.

"ఎవురి పిల్లోడివప్పా నువ్వు?"

చెప్పాను.

"తలకాయకు దెబ్బేమన్నా తగిలిందా?"

"లేదు పెద్దాయనా."

"ఇప్పుడు కాదప్పా. చిన్నప్పుడు ఏమన్నా తగిలిందా అని అడుగుతాండా."

మర్నాడు మామ నన్ను వెంటబెట్టుకుని కోయిలకుంట్ల వెళ్ళాడు. పెద్దాయన కూతురి పెళ్ళి దగ్గర్లోనే ఉంది; ఆయన కారేమో షెడ్డులో ఉంది. "పెండ్లికి నీ బండి పెట్టు, బాడుగ అడగాకు. సరిపాయ" అన్నాడాయన. మామ ఆకువక్క చేతికిచ్చాడు, ఆయన తీసుకుని నోట్లో వేసుకున్నాడు. మా వైపు తగువు పడినవాడి చేతి ఆకువక్క నమిలితే ఆ తగువు అక్కడికి చచ్చినట్టే. మళ్ళీ దాన్ని లేపినవాడితో ఎవరూ మాట కలపరు.

అయితే పెద్దాయన కొడుకు మద్రాసులో చదువుకున్నాడు. తండ్రికి చెప్పకుండా ఇన్సూరెన్సు కంపెనీకి రాసేశాడు. నెల తిరక్కుండా కంపెనీ ఆఫీసరు ఒకాయన, బెజవాడ మనిషి, డోన్‌లో రైలు దిగి మా అరుగు మీద కూర్చున్నాడు. (ఏమన్నా అయినంక రమ్మన్నాం కదా, వచ్చారు.)

"రిపేరు ఖర్చు మేము ఆయనకిచ్చి మీ దగ్గర రాబట్టుకుంటామండీ. మీకు పాలసీ కూడా లేదు. కోర్టుకు వెళితే కారు వేలం దాకా పోతుంది."

మామ గోడకు ఆనుకున్నాడు. "మాకు మాకు రాజీ అయిపాయ కద సామీ. ఆకువక్క ఏసుకుంటిమి."

"దానికి రసీదు ఉందాండీ?"

"నమిలేసినారు సార్, ఎర్రగా పండింది గూడ" అన్నాను. మామ చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

ఆఫీసరు మంచివాడే, నవ్వు ఆపుకున్నాడు. "రాజీ పడ్డానని ఆయన తన నోటితో చెబితే మిమ్మల్ని అడిగే హక్కు మాకు లేదండీ. కానీ అప్పుడు ఆయనకూ మేము పైసా ఇవ్వం. తన నష్టం కోరి ఎవరు చెబుతారు?"

పెద్దాయన్నే అడుగుదామని ముగ్గురం మా కారులోనే కోయిలకుంట్లకు బయలుదేరాం. దారి పొడుగునా మామ ఒకే మాట: "ఆయప్ప నోట్లో ఉండాదిరా మన బండి." బండి పోతే మామ కూలికి వెళ్ళాలి, నేను బండలు మోయాలి. జోకులేవీ గుర్తుకు రాలేదు.

పెద్దాయన మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. కొడుకు తండ్రి వెనక నిలబడి దగ్గుతున్నాడు. "కాబట్టి, మీరు రాజీ పడలేదంటే డబ్బు వస్తుందండీ. పడ్డానంటే రాదు" అని ముగించాడు ఆఫీసరు.

పెద్దాయన మామను చూశాడు, నన్ను చూశాడు. నన్ను చూడకుండా ఉంటే బాగుండుననిపించింది.

"పడితి" అన్నాడు.

"నాయనా, రిపేరుకు శానా అవుతాది" అన్నాడు కొడుకు.

"అవుతే కానీలే. ఆయప్ప చేతి ఆకువక్క తింటి. తినలేదని యా నోటితో చెప్పల్ల?"

ఆఫీసరు సంచి మూసుకుంటూ, "పాలసీ మాత్రం తీసుకోండి, అది లేకుండా తిప్పడం నేరమండీ" అని మామతో అన్నాడు. "ఇప్పుడే రాస్కో సామీ" అని మామ అక్కడే ముందుకు జరిగాడు. ఆఫీసరు కలమే తీసుకుని సంతకం పెట్టేశాడు.

లేవబోతుంటే పెద్దాయన, "యాడికి పోతాండారు? సంగటి తిని పోండి" అన్నాడు. ఊరిబిండి పచ్చడితో సంగటి పెట్టారు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టనివాణ్ణి, ముద్ద తర్వాత ముద్ద ఎట్లా మింగానో నాకే తెలియదు. వడ్డించే అవ్వ, "ఏమప్పా, మీ మామ నీకు అన్నం పెట్టడా?" అంది. మామ తలవంచుకుని తనూ ఇంకో ముద్ద అడిగాడు. చాలాకాలం తర్వాత నాకూ సొంత బండ్లు వచ్చాయి, వాటికి పాలసీలూ వచ్చాయి, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం తినే వయసూ వచ్చింది. రాత్రి పూట రెండు పుల్కాలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు, నెత్తి మీది గండం తప్పిన మరుక్షణం సిగ్గు లేకుండా మూడో ముద్దకు చేయి చాపిన ఆ కుర్రవాడు గుర్తుకొస్తాడు. అంత ఆకలి నాకు మళ్ళీ వేయలేదు.