కాల్‌లో ఉన్నానన్న యాప్

సత్తెనపల్లి దగ్గర ఓ పల్లెలో నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మొన్న మిరప కోతలప్పుడు ఒక ఉదయం, మావారి అక్కయ్య పొన్నూరు నుంచి నెట్ కాల్ చేశారు.

"మోకాలి ఆపరేషనైంది. నాలుగు రోజులు తోడుండవా అమ్మా?" అని అడిగారు.

సెలవు దొరకదని చెప్పి ఫోన్ బల్ల మీద పెట్టాను. పక్కనే ఉన్న ఆయా మస్తానమ్మతో, "అడిగితే సెలవు ఇస్తారు. ఆవిడకి చాకిరీ ఎవరు చేస్తారు?" అన్నాను.

తర్వాత పిల్లల హాజరు వేద్దామని యాప్ తెరిస్తే, 'మీరు కాల్‌లో ఉన్నారు, ముగించి ప్రయత్నించండి' అని వచ్చింది. నాకేమీ అర్థం కాలేదు. నేనెవరితోనూ మాట్లాడటం లేదే. మూసి మళ్లీ తెరిచినా అదే మాట.

"పైన పచ్చగా ఏదో వెలుగుతోంది టీచరుగారూ" అంది మస్తానమ్మ.

అక్కడ నొక్కితే వదినగారి పేరు, దాని కింద ఇంకా నడుస్తున్న నిమిషాలు కనిపించాయి. గబుక్కున ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"వదినగారూ..." అన్నాను.

"కట్ చేయడం మరిచిపోయావమ్మా. నేనూ చూసుకోలేదు" అని మామూలుగానే అని ఆవిడ పెట్టేశారు.

మర్నాడే సెలవు పెట్టి పొన్నూరు వెళ్లాను. ఉన్న నాలుగు రోజులూ ఆవిడ ముఖంలో ఏదో వెతుకుతూనే ఉన్నాను. నేను కంచం ముందు కూర్చునేదాకా ఆవిడ ముద్ద ముట్టలేదు.

ఆ మాటలు విన్నారో లేదో నాకిప్పటికీ తెలియదు. వినకపోతే నా అదృష్టం. విని ఉంటే మాత్రం అలా ఎలా ఉండగలిగారన్నదే నాకు అంతుపట్టదు.